పెద్దాయనకు ముందున్న దారి చెప్పాలి

పార్కిన్సన్స్ వ్యాధి అని డాక్టరు చెప్పగానే చాలా కుటుంబాల్లో జరిగేది ఒకటే. పెద్దాయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి కొడుకో కూతురో మళ్ళీ గదిలోకి వస్తారు. "నాన్నగారికి ఏమీ చెప్పకండి డాక్టరుగారూ, బెంగ పెట్టుకుంటారు. నరాల బలహీనత అని మేం చెప్పుకుంటాం" అంటారు. ఇది ప్రేమతో చేసే పనే. అయినా ఈ జబ్బు విషయంలో ఈ దాపరికం వల్ల పెద్దవారికి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుందని మా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాం.

ఇది రెండు మూడు నెలల్లో తేలిపోయే జబ్బు కాదు. పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక్కొక్కరికి ఇరవై ఏళ్ళు కూడా వెంట ఉంటుంది. ఏళ్ళు గడిచే కొద్దీ దాని తీరు మారుతుంది. మొదటి సంవత్సరాల్లో మనిషి తన సంగతి తాను చెప్పుకోగలడు, నిర్ణయం తీసుకోగలడు. చివరి సంవత్సరాల్లో చాలామందికి మాట, ఆలోచన రెండూ సన్నగిల్లుతాయి. అడగవలసిన కాలంలో అడగకుండా ఊరుకుంటే, తరువాత ఎప్పుడో మనం అడిగిన రోజున జవాబు చెప్పే శక్తి ఆయనకు ఉండకపోవచ్చు.

ఈ జబ్బు ఏమిటి?

1817లో లండన్‌కు చెందిన వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురి పరిస్థితిని గమనించి ఈ జబ్బును ఒక చిన్న పుస్తకంలో వర్ణించాడు. తరువాత ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఆయన పుట్టిన రోజైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తారు. మన ఊళ్ళల్లో దీన్ని వణుకుడు రోగం అంటారు. ఆయుర్వేదంలో కంపవాతం అనే పేరు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచమంతటా 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు నూటికి ఒకరికి ఇది వస్తుంది.

మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడులో డోపమైన్ అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు కొద్దికొద్దిగా నశించడమే ఈ జబ్బు. ఆ కణాల్లో పెద్ద భాగం పోయాక గాని వణుకు, బిగుతు, నెమ్మది బయటపడవు. అందుకే కొందరికి వణుకు కంటే ఎన్నో ఏళ్ళ ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరిచి చేతులు విసరడం వంటివి ఉంటాయి. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు, ఎవరి తప్పూ కాదు. జబ్బును పూర్తిగా ఆపే మందు ఇంతవరకు లేదు. లక్షణాలను తగ్గించే మంచి మందులు మాత్రం ఉన్నాయి.

దారిలో ఐదు మజిలీలు

1967లో హోన్, యార్ అనే ఇద్దరు వైద్యులు ఈ జబ్బును ఐదు దశలుగా విభజించారు. డాక్టర్లు నేటికీ ఆ లెక్క వాడతారు. మొదటి దశలో శరీరంలో ఒక పక్క మాత్రమే వణుకు, బిగుతు ఉంటాయి. రెండో దశలో రెండు పక్కలకూ వస్తాయి. మూడో దశలో నిలకడ తప్పుతుంది, అయినా తన పనులు తాను చేసుకోగలడు. నాలుగో దశలో లేచి నిలబడగలడు, నడవగలడు గాని చాలా పనులకు సాయం కావాలి. ఐదో దశలో ఎవరైనా పట్టుకుంటే తప్ప మంచం, చక్రాల కుర్చీలే గతి.

ఎవరు ఎప్పుడు ఏ దశకు చేరతారో ముందుగా కచ్చితంగా చెప్పలేం. బాక్సర్ మహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ళ వయసులో ఈ జబ్బు ఉన్నట్టు చెప్పారు. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వణుకుతున్న చేత్తోనే వెలిగించారు. 2016లో కన్నుమూశారు. అంటే 32 ఏళ్ళు జబ్బుతో గడిపారు. కానీ డెబ్బై దాటాక జబ్బు మొదలైనవారిలో పడిపోవడం, మతిమరుపు సాధారణంగా త్వరగా వస్తాయి. కాబట్టి పెద్ద వయసువారి ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉన్న వ్యవధి ఇంకా తక్కువ.

మొదటి సంవత్సరాలు

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లీవోడోపా. మన మందుల షాపుల్లో సిండోపా అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. ఈ పదార్థం మన దూలగొండి గింజల్లో ఉందని 1937లోనే మన దేశపు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 1960ల చివరి నుంచి ఇది మందుగా వాడుకలోకి వచ్చింది. అయితే దూలగొండి పొడిలో మందు ఎంత ఉందో ఒక్కో పొట్లంలో ఒక్కో తీరుగా ఉంటుంది. మాత్రలు వేసుకుంటూ, డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి కూడా వాడటం మంచిది కాదు.

మాత్రలు మొదలుపెట్టాక కొన్నేళ్ళు చాలామందికి బాగా పనిచేస్తాయి. బొత్తాలు పెట్టుకోగలుగుతారు, నడక కుదుటపడుతుంది. ఈ మంచి రోజుల్లోనే కుటుంబం పొరపడుతుంది. "తగ్గిపోయింది" అనుకుని వ్యాయామం మానేస్తారు, డాక్టరు దగ్గరకు రావడం మానేస్తారు. నిజానికి రోజూ నడవడం, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు చేయడం, గట్టిగా చదవడం అలవాటు చేసుకోవలసింది ఇప్పుడే. తన జబ్బు ఏమిటో తెలిసిన మనిషి దానికి తగ్గట్టు ఒళ్ళు వంచుతాడు. నరాల బలహీనత అని మాత్రమే తెలిసినవాడు బలం టానిక్కు అడుగుతాడు.

మధ్య సంవత్సరాలు: మొండితనం కాదు, మాత్ర అయిపోయింది

కొన్నేళ్ళ తరువాత ఒక్కో మాత్ర పనిచేసే సమయం తగ్గుతుంది. పొద్దున మాత్ర వేసుకున్న గంటకు వరండాలో చక్కగా నడిచిన మనిషి, మధ్యాహ్నం కుర్చీలోంచి లేవలేడు. తరువాతి మాత్ర పనిచేయగానే మళ్ళీ లేస్తాడు. మరికొందరికి మందు పనిచేస్తున్న సమయంలో మెడ, చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి. గుమ్మం దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి.

ఇక్కడే ఇళ్ళల్లో గొడవలు మొదలవుతాయి. "ఇందాక నడిచారు కదా, ఇప్పుడెందుకు నడవరు? కావాలని చేస్తున్నారు" అంటారు. పెద్దాయన ముఖంలో భావం కనిపించదు, మాట మెత్తగా వస్తుంది కాబట్టి ఆయనకు పట్టనట్టే ఉందని అనుకుంటారు. అదంతా జబ్బే. ముఖం బిగుసుకుపోయినా లోపల అవమానం తగులుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందుగా ఇంటిల్లిపాదికీ తెలిస్తే ఎన్నో కఠినమైన మాటలు తప్పుతాయి.

ఈ దశలో కొన్ని జాగ్రత్తలు బాగా ఉపయోగపడతాయి.

మాత్ర వేళను గడియారం చూసి పాటించండి. పని ఉందని అరగంట, గంట ఆలస్యం చేస్తే ఆ రోజంతా తారుమారవుతుంది. పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, మాంసంలో ఉండే మాంసకృత్తులు మందును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడవచ్చు. వాటిని మానవద్దు, ఒంటికి అవసరం. మాత్రను భోజనానికి అరగంట నుంచి గంట ముందు నీళ్ళతో ఇవ్వండి, పాలతో వద్దు. వికారంగా ఉంటే ఒక బిస్కెట్టు ఇవ్వవచ్చు. ఐరన్ మాత్రలు వాడుతుంటే రెండింటికీ మధ్య ఎడం ఉండాలి.

పాదాలు ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. ఒక్క క్షణం ఆగమని చెప్పి, "ఒకటి, రెండు" అని లెక్క పెట్టండి. ఆగిపోయే చోట నేల మీద అడుగడుగుకూ అడ్డంగా రంగు టేపు అంటిస్తే ఆ గీతలు దాటుతూ నడవగలుగుతారు.

ఈ మందును ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఒళ్ళు కర్రలా బిగిసి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఉపవాస ప్రార్థన రోజైనా మాత్ర మానకూడదు. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేర్చినా, ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచమన్నా, ఈ మాత్ర సంగతి ఏమిటని డాక్టరును తప్పక అడగండి. బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో ఈ మాత్రలు వేళ తప్పుతున్నాయని అక్కడి పార్కిన్సన్స్ సంఘం 2006లో ప్రత్యేకంగా ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రల పేర్లు, వేళలు రాసిన కాగితం జేబులో ఉండాలి.

ఆ కాగితం మీదే ఇంకో మాట రాయండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజైన్, గందరగోళంగా ప్రవర్తించేవారికి ఇచ్చే హాలోపెరిడాల్ ఈ జబ్బును ఎక్కువ చేస్తాయి. మొదటి రెండూ పెరినార్మ్, స్టెమెటిల్ అనే పేర్లతో ప్రతి షాపులోనూ దొరుకుతాయి. రోగికి పార్కిన్సన్స్ ఉందని డాక్టరుకు చెప్పకుండా వీటిని కొని వేయకండి.

మెదడులో సన్నని తీగ అమర్చే ఆపరేషన్ గురించి కొందరు అడుగుతారు. హైదరాబాదులో నిమ్స్ వంటి చోట్ల చేస్తున్నారు. మాత్ర పనిచేస్తున్నప్పుడు బాగా ఉండి, అది తగ్గగానే బాధపడేవారికి ఇది ఉపయోగం. మతిమరుపు వచ్చినవారికి, మాత్రకు లొంగని నిలకడ లోపానికి దీనివల్ల మేలు ఉండదు. అంటే ఇది కూడా సకాలంలో అడగవలసిన ప్రశ్నే.

చివరి సంవత్సరాలు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యులు కొత్తగా జబ్బు తెలిసిన 136 మందిని ఇరవై ఏళ్ళపాటు వెంట ఉండి గమనించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి 100 మంది మరణించారు. బ్రతికి ఉన్నవారిలో నూటికి 87 మంది పడిపోతున్నారు. 83 మందికి మతి తప్పింది. 74 మందికి లేనివి కనిపించడం ఉంది. 48 మందికి మింగేటప్పుడు పొలమారుతోంది. ఇవి ఇరవై ఏళ్ళు గడిచినవారి లెక్కలు, రేపే వచ్చేవి కావు. కానీ ఒక్క సంగతి గమనించండి. చివరి ఏళ్ళలో మనిషిని దెబ్బ తీసే ఈ లక్షణాల్లో చేతి వణుకు లేదు. మనం మాత్రం "వణుకు తగ్గిందా?" అనే అడుగుతూ ఉంటాం.

పడిపోకుండా చూడటం అన్నిటికంటే ముఖ్యం. బాత్‌రూమ్ నేల తడి లేకుండా ఉంచండి, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టించండి, కుర్చీలా కూర్చునే కమోడ్ ఏర్పాటు చేయండి. జారే పట్టాలు, కాళ్ళకు అడ్డం పడే వైర్లు తీసేయండి. పడుకుని లేచేటప్పుడు కొందరికి బీ.పీ. పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమనండి. పాత బీ.పీ. మాత్రల మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడగండి.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న ముద్దలు పెట్టండి, తొందరపెట్టవద్దు. పలచని నీళ్ళు, కాఫీకి ఎక్కువగా పొలమారుతుంటే చిక్కని జావ నయం. అన్నం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా ఈ జబ్బులో మరణానికి పెద్ద కారణం. తినేటప్పుడు దగ్గు, జ్వరం, గొంతులో గురగుర ఉంటే ఆలస్యం చేయకండి.

గదిలో పిల్లలు, పిల్లులు తిరుగుతున్నాయని, చనిపోయిన అక్క వచ్చి కూర్చుందని పెద్దాయన అంటే భయపడకండి. అది దయ్యం కాదు. జబ్బు వల్ల గాని, మందుల వల్ల గాని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల గాని అలా జరుగుతుంది. భూతవైద్యుల దగ్గరకు తిప్పి ఆయనను హింసించవద్దు. మందులు సర్దితే చాలామందికి తగ్గుతుంది.

మాట ఉన్నప్పుడే అడగవలసినవి

మీరు ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నారు? సొంత ఊళ్ళోనా, పట్నంలో కొడుకు దగ్గరా? పిల్లలు తమలో తాము పంచుకుని మూడేసి నెలలు తిప్పడం ఈ రోగికి కష్టం. కొత్త గది, కొత్త బాత్‌రూమ్ అంటే మళ్ళీ పడిపోవడమే.

పొలం, ఇల్లు, బ్యాంకు సంగతులు ఏం చేయమంటారు? ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుంది, సంతకం మారుతుంది, బ్యాంకులో కుదరదంటారు. ఉమ్మడి ఖాతా, నామినీ, వీలునామా వంటివి మొదటి సంవత్సరాల్లోనే ఆయన ఇష్టప్రకారం చేయించడం అందరికీ మంచిది.

మింగలేని రోజు వస్తే గొట్టం పెట్టించమంటారా? ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ కావాలా, ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనిమ్మంటారా? ఇలాంటి కోరికను ముందుగానే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. రాయకపోయినా ఆయన నోట విన్న మాట పిల్లలకు పెద్ద ఆసరా. ఐ.సీ.యూ. బయట అర్ధరాత్రి అన్నదమ్ములు గొడవపడటం కంటే అది ఎంతో మేలు.

ఇంకో సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ వ్యాధిని కూడా చేర్చారు. వైకల్యం ఎంత శాతమో పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తారు. దానికి దరఖాస్తు చేయడానికి కూడా జబ్బు పేరు ఇంట్లో దాచకుండా ఉండాలి.

సేవ చేసేవారి మాట

ఈ ఇరవై ఏళ్ళ బరువు సాధారణంగా ఒక్క మనిషి మీదే పడుతుంది. భార్య మీద, లేదా కోడలి మీద. రాత్రి మూడుసార్లు లేవాలి, పక్క మార్చాలి, బట్టలు మార్చాలి, మాత్ర వేళ మరవకూడదు. బంధువులు పండుగకు వచ్చి "మామయ్యగారు చిక్కిపోయారేమిటి?" అని ఆమెనే అడుగుతారు. దూరాన ఉన్న పిల్లలు డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకోకూడదు. నెలకు కొన్ని రోజులైనా ఎవరో ఒకరు వచ్చి ఆ పని తీసుకుని, ఆమెను నిద్రపోనివ్వాలి. ముందున్న దారి తెలిసిన కుటుంబమే ఇలాంటి వంతులు ముందుగా వేసుకోగలదు.

సంఘంలోని వారు కూడా ఒక మేలు చేయవచ్చు. పెద్దాయన మాట వినబడటం లేదని పలకరించడం మానేయకండి. పక్కన కూర్చుని, ఆయన జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. మధ్యలో మీరే వాక్యం పూర్తి చేయకండి.

"చెబితే క్రుంగిపోరా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఈ జబ్బులో దిగులు చాలామందికి ఉంటుంది. అయితే అది జబ్బు పేరు వినడం వల్లనే వచ్చేది కాదు. మెదడులో జరిగే మార్పుల్లో అదీ ఒక భాగం. దానికి చికిత్స ఉంది. పేరు దాచినంత మాత్రాన దిగులు రాకుండా ఉండదు. పైగా తన ఒంట్లో ఏదో జరుగుతోందని ఆయనకు తెలుసు, పిల్లలు గుసగుసలాడటం కనిపిస్తూనే ఉంటుంది. పేరు తెలియని భయం ఎక్కువ బాధిస్తుంది.

అన్నీ ఒకేరోజు చెప్పమని కాదు. సిడ్నీ లెక్కలు ఆయన ముందు చదవమని అసలే కాదు. మొదట జబ్బు పేరు, మందు బాగా పనిచేస్తుందనే ధైర్యం చెప్పండి. తరువాత వచ్చినప్పుడు, ఆయన అడిగినంత మేరకు ముందు సంగతులు చెప్పండి. వినడం ఇష్టం లేదని ఆయనే అంటే ఆ మాటను గౌరవించండి. అడిగి చూడకుండానే ఆయన తరఫున మనం నిర్ణయించడమే సరికాదు. జీవితమంతా ఇంటికి పెద్దగా ఉండి, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు నిర్ణయించిన మనిషి ఆయన. తన చివరి సంవత్సరాల గురించి ఒక మాట చెప్పే అవకాశం ఆయనకు ఉండాలి.

ఈసారి ఓ.పీ.కి వచ్చినప్పుడు పెద్దాయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. లోపలికే తీసుకురండి. ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. మాట నెమ్మదిగా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.